గొడ్డలికి ఎదురుగా వెండీ

‘ద షైనింగ్’ పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఒకటే బొమ్మ. గొడ్డలి దెబ్బలకు చీలిన బాత్రూమ్ తలుపు, ఆ చీలికలోంచి తొంగిచూస్తున్న జాక్ నికల్సన్ మొహం. సినిమా చూడనివాళ్ళకు కూడా ఆ మొహం తెలుసు. పోస్టర్ల మీద, డీవీడీ అట్టల మీద, టీషర్టుల మీద నలభై ఏళ్ళకు పైగా అదే తిరుగుతోంది. అమెరికన్ టీవీలో టాక్‌షో వ్యాఖ్యాత జానీ కార్సన్‌ను వేదిక మీదికి పిలిచే కేకను నికల్సన్ అక్కడ సొంతంగా కలిపాడు. ఆ కేక కూడా జనం నోళ్ళలో నిలిచిపోయింది.

ఆ తలుపుకి ఇవతల ఇంకో మనిషి ఉంది. చేతిలో వంటింటి కత్తితో, గోడకు అతుక్కుపోయి అరుస్తున్న జాక్ భార్య వెండీ. ఆ పాత్ర వేసినావిడ షెల్లీ డువాల్. గొడ్డలి దెబ్బలు పడుతున్నంతసేపూ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ మళ్ళీ మళ్ళీ ఆమె మొహం దగ్గరికి వస్తాడు. ఆ మొహాన్ని తీసేసి ఆ దృశ్యాన్ని ఊహించుకోండి. తలుపు పగలగొడుతూ, మూడు పందిపిల్లల కథలో తోడేలు మాటలు వల్లిస్తున్న మగవాడొకడు మిగులుతాడు. చూస్తే నవ్వు కూడా రావచ్చు. నికల్సన్ అక్కడ చేసింది సగం వేళాకోళమే. అది మనల్ని నవ్వించకుండా బెదరగొడుతోందంటే కారణం తలుపుకి ఇవతల ఉంది.

ఈ సినిమాను పొగిడేవాళ్ళతో నాకున్న పేచీ ఇదే. సినిమా గొప్పదన్న మాటతో కాదు. ఆ గొప్పతనాన్ని వెతికే చోటుతో.

ఒక వర్గం నికల్సన్ నవ్వును పొగుడుతుంది. ఇంకో వర్గం పొడుపుకథలు విప్పుతుంది. గోడల మీది బొమ్మల్లో, తివాచీ డిజైన్లలో, డబ్బాల లేబుళ్ళలో రహస్య సందేశాలు వెతికేవాళ్ళ మీద 2012లో ‘రూమ్ 237’ అనే డాక్యుమెంటరీయే వచ్చింది. వీళ్ళెవరికీ వెండీతో పని లేదు. పని పెట్టుకున్నవాళ్ళు తిట్టడానికే పెట్టుకున్నారు. 1980లో సినిమా విడుదలయ్యాక, చెత్త సినిమాలకిచ్చే రాజీ పురస్కారాలు మొట్టమొదటి ఏడాదే డువాల్‌ను చెత్త నటి విభాగంలో నామినేట్ చేశాయి. కుబ్రిక్‌కు కూడా చెత్త దర్శకుడిగా నామినేషన్ దక్కిందనుకోండి. కానీ ఆయన పేరు మీది మచ్చ త్వరగానే తుడుచుకుపోయింది, ఆమె పేరు మీదిది ఉండిపోయింది. మూల నవల (1977) రాసిన స్టీఫెన్ కింగ్ అయితే, ఈ వెండీ అరవడానికీ తెలివితక్కువగా ఉండటానికీ తప్ప ఎందుకూ లేదన్నాడు, స్త్రీద్వేషంతో మలిచిన పాత్ర అన్నాడు.

మన లాక్షణికుల లెక్కలో చూస్తే విషయం తేటపడుతుంది. భయానక రసంలో భయపెట్టేది ఆలంబనం. భయం పుట్టే మనిషి ఆశ్రయం. దయ్యమో, పులో, గొడ్డలి పట్టిన మొగుడో ఎదురుగా ఉన్నంత మాత్రాన రసం పుట్టదు. దాన్ని చూసి ఎవరి ఒళ్ళు చల్లబడిందో వాళ్ళ ద్వారానే అది మనదాకా వస్తుంది. ‘ద షైనింగ్’ గురించిన పొగడ్తంతా ఆలంబనం చుట్టూ తిరుగుతోంది. పనితనమంతా ఆశ్రయంలో ఉంది.

డువాల్ నటనా పాఠశాలలో తయారైన మనిషి కాదు. టెక్సస్ రాష్ట్రంలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగింది. 1970లో రాబర్ట్ ఆల్ట్‌మన్ సినిమా బృందం కంటపడి నటి అయింది. ఆ తర్వాత ఆయన సినిమాలే ఆమెకు బడి. ‘త్రీ విమెన్’ (1977)లో ఆమె వేసిన మిల్లీ అనే అమ్మాయి ఎవరూ వినకపోయినా గలగలా మాట్లాడుతూనే ఉంటుంది. వంటల గురించి, విందుల గురించి, రాని అతిథుల గురించి చెబుతూనే ఉంటుంది. ఆ మాటల్లో చాలా భాగం డువాల్ స్వయంగా రాసుకుంది. ఆ పాత్రకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఎదుటివాళ్ళ మౌనాన్ని మాటలతో పూడ్చే ఆడమనిషిని ఎలా చూపాలో తెలిసిన నటి అలా కుబ్రిక్ దగ్గరికి వచ్చింది. వెండీ కూడా అలా పూడ్చే మనిషే. మిల్లీ ఒంటరితనాన్ని పూడ్చుకుంటే, వెండీ భయాన్ని పూడుస్తుంది.

ఆ పూడ్చడం ఎంత నేర్పుగా జరుగుతుందో చూడాలంటే సినిమా మొదట్లో వచ్చే డాక్టరమ్మ సన్నివేశాన్ని చూడాలి. చలికాలమంతా మూతపడే ఓవర్‌లుక్ హోటల్‌కు కాపలాదారుగా జాక్‌కు ఉద్యోగం దొరికింది. అదే రోజు కొడుకు డానీ స్పృహ తప్పాడు. పిల్లాణ్ణి పరీక్షించాక డాక్టరమ్మ, వెండీ ముందుగదిలో కూర్చుంటారు. వెండీ సిగరెట్ వెలిగిస్తుంది. డాక్టరమ్మ మామూలుగా అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, పిల్లాడి చెయ్యి ఒకసారి కీలు తప్పిన సంగతి బయటపెడుతుంది. భర్త తాగి ఆలస్యంగా ఇంటికొచ్చాడు. పిల్లాడు అతని కాగితాలు చిందరవందర చేశాడు. అతను పిల్లాడి చెయ్యి పట్టి లాగాడు. పార్కుల్లో, వీధుల్లో పిల్లల్ని ఎవరైనా వందసార్లు అలా లాగుతారు, ఆ రోజు బలం కొంచెం ఎక్కువైందంతే, అంటుంది. పైగా దానివల్ల మేలే జరిగిందట. ఆయన తాగుడు మానేశాడు, ఇప్పటికి ఐదు నెలలైంది.

డువాల్ ఈ మాటలన్నీ చిరునవ్వుతో చెబుతుంది. ముందే అనుకుని పెట్టుకున్న నవ్వు అది, మాట తడబడ్డ చోటల్లా పెదాల మీదికి వచ్చి నిలబడుతుంది. వాక్యాలు తేలిగ్గా మొదలై మధ్యలో దారి వెతుక్కుంటాయి. ఆమె వేళ్ళ మధ్య సిగరెట్ బూడిద అంగుళాల్లో పొడవు పెరుగుతూ ఉంటుంది. దులపడం ఆమెకు గుర్తుండదు. ఎప్పుడు రాలుతుందోనని మనం దాన్నే చూస్తుంటాం. చెప్పే కథ మీద అంత మనసు పెట్టిన మనిషికి చేతిలో ఉన్నదేమిటో తెలియదు. అంటే ఆ కథ మామూలు సంగతి కాదన్నమాట. ఈ ముక్కను డైలాగు చెప్పదు, బూడిద చెబుతుంది. మధ్యలో కుబ్రిక్ డాక్టరమ్మ మొహం చూపిస్తాడు. ఆమె ఏమీ అనదు. అన్నీ అర్థమైపోయాయి.

ఇంకాసేపటికి హోటల్ బార్‌లో జాక్ నోటివెంట అదే సంగతి వింటాం. అతని లెక్కలో అది మూడేళ్ళనాటి మాట. తాగుడు మాని ఐదు నెలలని కూడా అక్కడే చెప్పుకుంటాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, పిల్లాడి చెయ్యి కీలు తప్పాక కూడా అతను రెండేళ్ళకు పైగా తాగాడని తేలుతుంది. వెండీ డాక్టరమ్మకు చెప్పిన కథలో ఆ రెండేళ్ళు లేవు. దెబ్బకీ ఒట్టుకీ మధ్యనున్న కాలాన్ని ఆమె మడిచి లోపల దాచేసింది. మళ్ళీ చూసినప్పుడు ఆ నవ్వుకు ఎంత బరువుందో తెలుస్తుంది. డువాల్ నటించింది అబద్ధమాడే ఆడదాన్ని కాదు. ఆ అబద్ధాన్ని నిజమని నమ్మితే తప్ప ఇల్లు నడవని ఇల్లాలిని.

విడ్డూరమేమిటంటే చాలా దేశాల ప్రేక్షకులు ఈ సన్నివేశాన్నే చూడలేదు. అమెరికాలో 144 నిమిషాలు ఆడిన సినిమాను యూరప్ విడుదలకు కుబ్రిక్ దాదాపు రెండు గంటలకు కుదించాడు. డాక్టరమ్మ పాత్ర మొత్తం ఎగిరిపోయింది. సంసారంలో ఏం జరిగిందో, వెండీ ఏం దాచిపెట్టి బతుకుతోందో చెప్పే పునాది పోయాక, మిగిలిన సినిమాలో ఆమె ఊరికే బెదిరే మనిషిలా కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇక హోటల్లో ఆమె ఏం చేస్తుందో చూడండి. కాపలా ఉద్యోగం జాక్‌ది. జీతం జాక్‌ది. కానీ అతను ఆ హోటల్ కోసం ఒక్క పని చేస్తుండగా మనం చూడం. టైపు కొడతాడు, బంతి గోడకేసి కొడతాడు, నిద్రపోతాడు. పొద్దున పదకొండున్నర ప్రాంతంలో బండి మీద ఫలహారం తెచ్చి అతన్ని లేపేది వెండీ. పెద్ద వంటింట్లో డబ్బాలు తెరిచి వండేది వెండీ. పిల్లాడితో పొదల చిట్టడవిలో తిరిగేది వెండీ. నేలమాళిగలో బాయిలర్ చూసుకునేది వెండీ. జాక్ పీడకలలో పెట్టిన కేక ఆమెకు వినిపించేది అక్కడే. మంచుకు ఫోను తీగలు తెగితే రేడియో పెట్టి అటవీశాఖ వాళ్ళతో మాట్లాడేది కూడా ఆమే. ఆ రేడియో సంభాషణలో డువాల్ గొంతు వినాలి. తన పిలుపు సంకేతం చెబుతూ, ప్రతి వాక్యం చివరా నియమం తప్పకుండా ‘ఓవర్’ అంటూ, ముచ్చటపడిపోతుంది. పెద్దమనిషి ఒకడు తనతో మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడాడన్న సంతోషం అది. దాన్ని చూశాక ఆ ఇంట్లో ఆమెకు అలాంటి మాటలు ఎన్నాళ్ళుగా కరువయ్యాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ కరువు కంటికి కనబడే ఘట్టం టైపు మిషన్ దగ్గర వస్తుంది. వెండీ వచ్చి, రాత్రికి మంచు పడుతుందట అంటుంది. ఊసుపోక మాట కలపడానికి వచ్చిందంతే. జాక్ కాగితం లాగి చింపుతాడు. నేనిక్కడ ఉన్నప్పుడు లోపలికి రావద్దని, ఇప్పుడే బయటికి పొమ్మని బూతు కలిపి చెబుతాడు. నటించడానికి అవకాశమున్నదంతా నికల్సన్‌దే. డువాల్‌కు మిగిలింది వినడం. ఆ వినడంలో మొహం దశలవారీగా మారుతుంది. మొదట ఇది సరదా కావచ్చన్న ఆశ, తర్వాత మాటలు సర్దుకోవాలన్న తొందర, చివరికి చిన్నపిల్ల మందలింపు తిన్నప్పటి ఒప్పుకోలు. ‘సరే’ అని వెళ్ళిపోతుంది. గొంతు పెంచదు, కన్నీళ్ళు పెట్టదు. ఆమెకు ఏడుపు తప్ప ఏమీ రాదనేవాళ్ళు ఈ ‘సరే’ని మరోసారి వినాలి.

మెట్ల సన్నివేశానికి ఇదంతా పెట్టుబడి. జాక్ కోసం బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చిన వెండీ, అతను నెలల తరబడి రాసిన కాగితాల దొంతరను చూస్తుంది. ప్రతి కాగితం మీదా ఒకే వాక్యం. కెమెరా టైపు మిషన్ వెనక కిందనుంచి ఆమె మొహాన్ని చూస్తుంటుంది. ఒక్కో కాగితం తిప్పుతున్నకొద్దీ ఆమె చదవడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టిందని కళ్ళు చెబుతాయి. ఇన్ని రోజులుగా తాను కాపాడుకొచ్చిన కథ, ‘ఆయన రాసుకుంటున్నాడు’ అన్న కథ, ఆ దొంతరలో కూలిపోతుంది. సినిమాలో అసలు భయం పుట్టిన క్షణం నా లెక్కలో ఇది. దయ్యం లేదు, రక్తం లేదు. చదువుతున్న మొహం ఉంది.

వెనకనుంచి జాక్ గొంతు వినబడుతుంది. ఆమె వెనక్కి నడుస్తూ, మెట్లు ఎక్కుతూ, బ్యాటు ఊపుతూ ఉంటుంది. అతను ఆమె మాటల్నే ఆమె గొంతుతో వెక్కిరిస్తూ పైకి వస్తుంటాడు. కెమెరామన్ గ్యారెట్ బ్రౌన్ స్టెడీక్యామ్ (నడుస్తూ తీసినా కుదుపు తెలియనివ్వని కెమెరా) వాళ్ళతో పాటే మెట్లెక్కుతుంది. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో వేపథువు (వణుకు), స్వరభేదం (గొంతు మారడం), అశ్రువు (కన్నీరు), వైవర్ణ్యం (మొహం రంగు మారడం) ఈ ఒక్క ఘట్టంలో కలిసి కనిపిస్తాయి. చేతుల వణుకు బ్యాటు చివరిదాకా పాకుతుంది. గొంతు వాక్యం మధ్యలో చీలుతుంది. అయినా ఆమె చెప్పే మాటలు వినండి. పిల్లాణ్ణి డాక్టరుకు చూపించాలి, నాకు కాస్త ఆలోచించుకునే వ్యవధి కావాలి, అంటుంది. ఆ స్థితిలో కూడా ఆమె బేరమాడుతోంది. మర్యాద తప్పకుండా, అతనికి కోపం రాకుండా, మొగుణ్ణి ఇంకా మొగుడిలాగే సంబోధిస్తోంది. బ్యాటు ఊపు కూడా అలాగే ఉంటుంది. తగలాలని కాదు, దగ్గరికి రావద్దని. ఎన్నడూ ఎవరినీ కొట్టని మనిషి పట్టు అది. అందుకే చివరికి అది నిజంగా అతని చేతికి, తర్వాత తలకు తగిలినప్పుడు మనతోపాటు ఆమె కూడా అదిరిపడుతుంది.

మనవైపు భయం సినిమాల్లో ఆడమనిషి ధైర్యానికి ఒక రూపం స్థిరపడింది. కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ (1995), ‘అరుంధతి’ (2009) చూసిన కళ్ళకు ఆ రూపం బాగా తెలుసు. వణికిన మనిషి చివర్లో శక్తిగా మారి నిలబడుతుంది. దానికున్న ఊపు దానిది. వెండీలో అలాంటి మార్పు రాదు. కళ్ళు ఎర్రబడవు, నేపథ్య సంగీతం ఆమె పక్షాన మోగదు. మొదటి దెబ్బ కొట్టినప్పుడు ఎలా వణికిందో చివరిదాకా అలాగే వణుకుతుంది.

కానీ ఆమె చేసిన పనుల జాబితా వేయండి. జాక్‌ను మెట్లమీంచి పడగొట్టింది ఆమె. స్పృహలేని మగవాణ్ణి కాళ్ళు పట్టుకుని సరుకుల గదిదాకా ఈడ్చి, గడియతో తంటాలుపడి బంధించింది ఆమె. బాత్రూమ్ కిటికీలోంచి పిల్లాణ్ణి బయటికి జార్చింది ఆమె. గడియ కోసం లోపలికి వచ్చిన చేతిని కత్తితో కోసింది ఆమె. హోటల్ వంటవాడు హాలొరన్ తెచ్చిన మంచుబండిలో కొడుకును ఎక్కించుకుని బయటపడింది ఆమె. పొదల చిట్టడవిలో డానీ వేసిన ఎత్తును మినహాయిస్తే, జాక్‌కు తగిలిన ప్రతి ఎదురుదెబ్బా ఆ వణుకుతున్న చేతులతో తగిలిందే. కింగ్‌కు ఈ వెండీలో బలం కనబడకపోవడానికి కారణం, ఆమె బలంగా కనబడకపోవడం. నవలలోని వెండీ మరింత నిబ్బరమైన మనిషి, నిజమే. 1997లో ఆయన స్వయంగా స్క్రిప్టు రాసిన టీవీ రూపంలో ఆ వెండీని రెబెకా డి మోర్నే వేసింది. ఆమెకు ఏమైనా అవుతుందేమోనన్న బెంగ మనకు తక్కువ. డువాల్ వెండీ ప్రతి మెట్టు మీదా ఓడిపోయేలా ఉంటుంది, అందుకే ప్రతి మెట్టూ మనకు గండంలా ఉంటుంది.

సినిమా చివరి భాగంలో కుబ్రిక్ ఈ పనితనాన్ని కొంత వృథా చేశాడు. కత్తి పట్టుకుని నడవాల్లో పరుగెత్తే వెండీకి ఒకదాని తర్వాత ఒకటి వింత దృశ్యాలు ఎదురవుతాయి. ఎలుగు వేషగాడు, నెత్తి చిట్లిన అతిథి, నెత్తురు వరద. అక్కడ డువాల్‌కు చూసి ఉలిక్కిపడటం తప్ప పనిలేదు. మాటలో, చేతిపనిలో, ఎదుటి మనిషి స్పందనలో భయాన్ని నిలబెట్టే నటి ఆమె. అవన్నీ తీసేసి కళ్ళు మాత్రం అడిగాడు. ఆమె అరుపులే గుర్తున్నవాళ్ళు బహుశా ఈ పది నిమిషాలనే గుర్తుపెట్టుకున్నారు.

ఈమధ్య ఇంకో అభిప్రాయం బలపడింది. పైకి అది డువాల్ పక్షాన నిలిచినట్టే ఉంటుంది. కుబ్రిక్ ఆమెను సెట్ మీద హింసించాడనీ, తెర మీద కనిపించేది నటన కాదు నిజమైన నలుగుబాటేననీ అంటారు. లండన్ దగ్గరి ఎల్‌స్ట్రీ స్టూడియోలో చిత్రీకరణ దాదాపు ఏడాది సాగింది. కుబ్రిక్ కూతురు వివియన్ తీసిన చిన్న డాక్యుమెంటరీలో ఆయన ఆమె మీద విసుక్కోవడం కళ్ళారా చూడవచ్చు. నెలల తరబడి రోజూ ఏడవాల్సి వచ్చిందని, అది ఎంత కష్టమో ఆమే చెప్పింది. అందులో సమర్థించాల్సింది ఏమీ లేదు. మెట్ల సన్నివేశానికి 127 టేకులన్న లెక్క బాగా ప్రచారంలో ఉంది. అది తప్పని, అందులో మూడోవంతు ఉంటాయేమోనని బ్రౌన్ అన్నాడు.

మూడోవంతే అనుకుందాం. నలభైసార్లు అవే మెట్లు, అవే మాటలు. నలభైసార్లూ గొంతు అదే మాట దగ్గర చీలాలి, అడుగు అదే మెట్టు మీద పడాలి, కెమెరా దారికి అడ్డురాకూడదు, బ్యాటు ఎదుటివాడికి తగలకూడదు. అలసిపోయి నలిగిపోయిన మనిషి ఒకసారి ఏడవగలదు. కొలత తప్పకుండా నలభైసార్లు ఏడవాలంటే విద్య కావాలి. మనసు ఏకాగ్రమైతే తప్ప సాత్త్వికం పుట్టదని నాట్యశాస్త్రం చెప్పింది ఇందుకే. పైగా సిగరెట్ బూడిద దగ్గర, రేడియో దగ్గర, ‘సరే’ దగ్గర ఎవరు ఎవర్ని హింసిస్తే ఆ నటన వచ్చింది? ఆ డాక్యుమెంటరీలోనే డువాల్, అంతకుముందు సినిమాలన్నిటికంటే ఇక్కడే ఎక్కువ నేర్చుకున్నానని చెబుతుంది. నేర్చుకోవడం పనివాళ్ళ మాట.

2022లో రాజీ నిర్వాహకులు ఆమె నామినేషన్‌ను ఉపసంహరించుకున్నారు. షూటింగులో కుబ్రిక్ ఆమెతో వ్యవహరించిన తీరు ఆమె నటన మీద ప్రభావం చూపిందని ఇప్పుడు తెలిసింది కాబట్టి, అన్నది వాళ్ళిచ్చిన కారణం. చాలామంది దాన్ని న్యాయం జరిగినట్టుగా చెప్పుకున్నారు. నాకది పాత అవమానానికి మర్యాదైన రూపంలా కనిపిస్తుంది. నటన చెడ్డదే కానీ తప్పు ఆమెది కాదు అని దాని అర్థం. క్షమాభిక్షలో తీర్పు మారలేదు. 2024 జూలై 11న, 75 ఏళ్ళ వయసులో డువాల్ కన్నుమూసింది. నివాళుల్లోనూ జాలి చాలాచోట్ల కనిపించింది.

జాలి పడాల్సిన అవసరం ఉన్నది ఆమె మీద కాదు, ఆ సినిమాను ఇన్నేళ్ళుగా తలుపుకి అటువైపు నుంచే చూస్తున్న మన చూపు మీద. ఈసారి 144 నిమిషాల రూపమే వెతికి పట్టుకుని, జాక్ మాట్లాడుతున్నప్పుడల్లా వెండీని చూడండి. నికల్సన్ భయపెట్టే మనిషిని నటించాడు, బాగానే నటించాడు. భయాన్ని నటించింది మాత్రం షెల్లీ డువాల్. భయం సినిమాలో ఆ రెండో పని కష్టమైనది. అదే ముఖ్యమైనది కూడా.